క్యాన్‌కూన్ విమానం ఎక్కకముందే చెప్పాల్సిన మాట

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ప్రాంతీయ ప్రతినిధులకు,

డాలస్ ప్రాంతంలో పన్ను లెక్కలు చూడటం నా వృత్తి. ఫిబ్రవరి వచ్చిందంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. డబ్ల్యూ-2లు, బ్యాంకు వడ్డీ కాగితాలు, ఇంటి లోను వివరాలు అన్నీ ఇచ్చేశాక, కొందరు చివర్లో నిగనిగలాడే ఫోల్డరు ఒకటి బయటికి తీస్తారు. మెక్సికోలో ఏదో రిసార్టులో కొన్న టైమ్‌షేర్ కాగితాలు అందులో ఉంటాయి. "అక్కా, దీన్ని నష్టం కింద చూపించుకోవచ్చా?" అని అడుగుతారు. సొంతంగా వాడుకోవడానికి కొన్న టైమ్‌షేర్ మీద వచ్చిన నష్టానికి అమెరికా పన్ను చట్టం మినహాయింపు ఇవ్వదు. ఆ సంగతి చెప్పగానే ఫోల్డరు మళ్లీ సంచిలోకి వెళ్లిపోతుంది. లేచి వెళ్తూ, "ఈ విషయం ఎవరితోనూ అనకండి" అంటారు.

ఎవరి పేరూ నేను అనను. కానీ ఆ మౌనం వల్లే మరో కుటుంబం ఆ రిసార్టులో అదే బల్ల దగ్గర కూర్చుని అలాంటి కాగితం మీదే సంతకం పెడుతోంది. పేర్లు దాచి సంగతి బయటపెట్టగలిగే చోటు మన సంఘాలే. అందుకే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనవాళ్లకు క్యాన్‌కూన్ ఎందుకంత దగ్గరైందో మీకు తెలియనిది కాదు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయులకు మెక్సికో వీసా వేరుగా అక్కర్లేదు. యూరప్ వెళ్దామంటే షెంగెన్ అపాయింట్‌మెంటు కోసం కాచుకుని కూర్చోవాలి. క్యాన్‌కూన్‌కు ఆ బెడద లేదు. డాలస్ నుంచి మూడు గంటల ప్రయాణం, తిండీ బసా కలిపి ఒకే ధర, పిల్లలకు నీళ్లాట. మార్చి సెలవులకు, థాంక్స్‌గివింగ్‌కు, క్రిస్మస్‌కు నాలుగైదు కుటుంబాలు కలిసి బయల్దేరడం మామూలైపోయింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకెళ్తున్నారు. వెళ్లడంలో తప్పేమీ లేదు, సంతోషంగా వెళ్లి రావాల్సిన చోటే అది. అక్కడ ఎదురయ్యే అమ్మకం తంతు ముందే తెలిసి వెళ్లాలన్నదే నా మాట.

ఆ తంతు విమానాశ్రయంలోనే మొదలవుతుంది. కస్టమ్స్ దాటాక బయటి తలుపు రాకముందే ఒక హాలు వస్తుంది. మెడలో బ్యాడ్జీలు వేసుకున్నవాళ్లు "మీ హోటల్ ఏది? మీ షటిల్ ఎక్కడుందో చెబుతాం" అంటూ ఆపుతారు. చాలామంది వాళ్లను విమానాశ్రయం సిబ్బంది అనుకుంటారు. ఈ వ్యాపారంలో వాళ్లకు ఓపీసీలని పేరు. వాళ్ల పని టైమ్‌షేర్ అమ్మడం కాదు, మర్నాడు పొద్దున టిఫిన్‌కు మనల్ని ఒప్పించడం వరకే. టాక్సీ ఉచితం అంటారు. చిచెన్ ఇట్సా టూరు సగం ధరకే అంటారు, ఇస్లా ముహేరెస్ దీవికి పడవ టికెట్లు ఇస్తామంటారు. బదులుగా 90 నిమిషాలు కూర్చుని వింటే చాలంటారు. భార్యాభర్తలిద్దరూ రావాలి, క్రెడిట్ కార్డు వెంట ఉండాలి అని మాత్రం గట్టిగా చెబుతారు. ఇద్దరూ రావాలన్న షరతు ఊరికే పెట్టింది కాదు. "ఇంట్లో అడిగి చెబుతాను" అని తప్పుకునే దారి ఆ ఒక్క షరతుతో మూసుకుపోతుంది.

ఆ 90 నిమిషాలు మధ్యాహ్నం దాకా సాగుతాయి. ముందు మాట కలిపేవాణ్ని లైనర్ అంటారు. పిల్లల చదువులు అడుగుతాడు, ఏటా సెలవులకు ఎంత పెడుతున్నారో అడుగుతాడు, 20 ఏళ్లకు అదెంతవుతుందో లెక్కగట్టి కాగితం మీద పెద్ద అంకెలతో రాస్తాడు. మనం వద్దంటే బేరం ముగించే క్లోజర్ వస్తాడు, ధర తగ్గుతుంది. అప్పటికీ వద్దంటే ఇంకో మేనేజరు వచ్చి ఇంకా తక్కువ ధర చెబుతాడు. అది ఆ రోజుకే, ఆ గంటకే అంటాడు. 50 వేల డాలర్ల దగ్గర మొదలైన బేరం 15 వేలకు దిగిన కాగితాలు నేను చూశాను. ఈలోగా పిల్లలు ఎక్కడో ఆటల గదిలో ఉంటారు, ఆకలి వేస్తుంటుంది, సెలవులో ఒక పూట అప్పటికే పోయి ఉంటుంది. లేచి వెళ్లడం కంటే సంతకం పెట్టడమే తేలికనిపించే దాకా కూర్చోబెడతారు. పెద్ద పెద్ద ప్రాజెక్టులు నడిపేవాళ్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు కూడా అక్కడ సంతకాలు పెట్టారు. ఎదుటివాళ్లు రోజూ అదే పని చేసి ఆరితేరినవాళ్లు. మనవాళ్లు జీవితంలో మొదటిసారి అక్కడ కూర్చున్నవాళ్లు. మోసపోయినవాళ్ల తెలివిని శంకించే ముందు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

నోటితో చెప్పేది ఒకటి, కాగితం మీద ఉండేది మరొకటి. మీరు వాడుకోని వారాలు మేమే అద్దెకిచ్చి డబ్బు పంపుతామంటారు. కొన్నేళ్లకు వద్దనుకుంటే మేమే కొనుక్కుంటామంటారు. ఒప్పందంలో మాత్రం, అమ్మినవాళ్లు నోటిమాటగా ఇచ్చిన హామీలకు కంపెనీ బాధ్యత లేదని, ఇది పెట్టుబడి కాదని ఒక పేరా ఉంటుంది. దాని పక్కనే మన పొడి అక్షరాలు ఉంటాయి. మెక్సికో తీరంలో అమ్మే టైమ్‌షేర్లలో చాలావరకు ఆస్తి అనదగినవి కావు. ఇన్నేళ్లపాటు, ఏటా ఇన్ని రోజులు గది వాడుకునే హక్కు, అంతే. పిల్లలకు సెలవులున్న వారంలో అందరూ అదే గది అడుగుతారు కనుక అది దొరుకుతుందన్న భరోసా లేదు. మెయింటెనెన్స్ ఫీజు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. తిరిగి అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. మనం కట్టిన ధరలో ఉచిత టాక్సీలు, టూరు టికెట్లు, నలుగురైదుగురి కమిషన్లు కలిసే ఉన్నాయి. ఆ భాగానికి బయట మార్కెట్లో విలువ లేదు.

మన ఊళ్లో 100 గజాల స్థలం కొనాలన్నా లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, తెలిసిన ప్లీడరుకు చూపిస్తాం, హద్దులు కొలిపిస్తాం. పక్క పొలం రైతును కూడా ఒక మాట అడిగి వస్తాం. ఇంత జాగ్రత్త మన రక్తంలోనే ఉంది. కానీ దాని వెనకే మరో నమ్మకం కూడా ఉంది: భూమి మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. "ఈ రోజు నుంచి మీరు ఇక్కడ ఓనర్లు" అని షాంపేన్ సీసా తెరిచి, గదిలో అందరూ చప్పట్లు కొట్టినప్పుడు ఆ నమ్మకమే మనల్ని ముంచుతుంది. అక్కడ కొలవడానికి భూమి లేదు, తీయించడానికి ఈసీ లేదు. ఉన్నది ఒప్పంద పత్రం ఒక్కటే. దాన్ని పూర్తిగా చదివే వ్యవధిని ఆ గదిలో ఎవరూ ఇవ్వరు.

ఆ వ్యవధిని చట్టం ఇచ్చింది. ఈ ఉత్తరంలో మిగతాదంతా మరిచినా ఈ ఒక్క సంగతి మీ సభ్యులందరికీ చేరాలని నా కోరిక. 1992 నాటి మెక్సికో వినియోగదారుల రక్షణ చట్టం, 56వ సెక్షన్ ప్రకారం సంతకం పెట్టిన తర్వాత 5 పనిదినాల్లోగా ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే. ఈ హక్కును వదులుకుంటున్నామని వేరే కాగితం మీద సంతకం తీసుకున్నా అది చెల్లదు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చిన హక్కులు వదులుకోవడానికి వీల్లేనివని చట్టమే చెబుతోంది. టైమ్‌షేర్ ఒప్పందాల నమూనాలు ప్రొఫెకో అనే వినియోగదారుల రక్షణ సంస్థ దగ్గర నమోదై ఉండాలి. విదేశాల్లో ఉండేవాళ్ల ఫిర్యాదులను కూడా ఆ సంస్థ తీసుకుంటుంది.

కానీ గడువు ఎంత ఇరుకో చూడండి. శనివారం దిగిన కుటుంబం ఆదివారం సంతకం పెడితే, మధ్యలో సెలవులు లేకపోతే, శుక్రవారంతో గడువు అయిపోతుంది. అంటే సెలవంతా గడిచి, ఇంటికొచ్చి, బట్టలు ఉతుక్కుని, నింపాదిగా కాగితాలు చదివేసరికి హక్కు చేజారిపోతుంది. రద్దు చేయమని అక్కడే అడిగినవాళ్లకు "ఆ పని చూసే మేనేజరు సోమవారం వస్తారు" అన్న జవాబు దొరికిన సందర్భాలున్నాయి. అందుకే నోటితో అడిగితే చాలదు. రద్దు చేసుకుంటున్నామని రెండు వాక్యాలు రాసి, ఒప్పందం నంబరు వేసి, ఇద్దరూ సంతకం పెట్టి, రిసార్టులో ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోవాలి. ఇచ్చేటప్పుడు ఫొటో తీసుకోవాలి. అదే కాగితాన్ని ఒప్పందంలో ఉన్న ఈమెయిల్‌కు, రిజిస్టర్డ్ పోస్టులో చిరునామాకు పంపాలి. డబ్బు కార్డు మీద కట్టి ఉంటే ఆ కాపీతోనే కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. బిల్లు వచ్చిన 60 రోజుల గడువు దాటనివ్వకూడదు.

యూరప్ ఈ దెబ్బ మనకంటే ముందే తింది. స్పెయిన్ తీరంలో, కానరీ దీవుల్లో సెలవులకు వచ్చిన బ్రిటిష్ కుటుంబాలకు 1980ల నుంచి ఇదే పద్ధతిలో అమ్మారు. ఫిర్యాదులు పోగుపడ్డాక యూరోపియన్ యూనియన్ 1994లో ఒకసారి, 2008లో మరోసారి నిబంధనలు తెచ్చింది. ఇప్పుడక్కడ రద్దు గడువు 14 రోజులు. అంతకంటే ముఖ్యం, ఆ 14 రోజులు గడిచేదాకా కొన్నవాళ్ల దగ్గర పైసా అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ రోజే డబ్బు చేతిలో పడదు కనుక ఆ రోజే ఒప్పించాలన్న ఒత్తిడికి పదును తగ్గుతుంది. 50 ఏళ్లు మించిన ఒప్పందాలు, 1999 తర్వాత చేసుకున్నవైతే, చెల్లవని స్పెయిన్ సుప్రీంకోర్టు 2015 నుంచి తీర్పులిచ్చింది. ఆ తీర్పులతో ఎందరికో ఊరట దక్కింది. వాటి వెంటే, డబ్బు వెనక్కి ఇప్పిస్తామని ముందస్తు ఫీజులు గుంజే నకిలీ కంపెనీలూ పుట్టుకొచ్చాయి. ఒకసారి మోసపోయినవాళ్లను వెతికి పట్టుకుని రెండోసారి మోసం చేయడం ఈ వ్యాపారానికి నీడలా అంటిపెట్టుకుని ఉంది.

మెక్సికోలో ఆ రెండో మోసం మరీ భయంకరమైంది. టైమ్‌షేర్ కొన్న కొన్నాళ్లకు ఫోను వస్తుంది. మీ పేరు, ఒప్పందం నంబరు, కట్టిన మొత్తం అన్నీ సరిగ్గా చెబుతారు. మంచి ధరకు కొనేవాడు దొరికాడంటారు. లాయరు పేరుతో, ఎస్క్రో కంపెనీ పేరుతో చక్కటి కాగితాలు వస్తాయి. అమ్మకం పూర్తి కావాలంటే మెక్సికో ప్రభుత్వానికి పన్ను ముందే కట్టాలంటారు. అది కడితే ఇంకో రుసుము, అదీ కడితే జరిమానా. ఎప్పటికో అనుమానమొచ్చి ఆపేస్తే, కొన్నాళ్లకు పోయిన డబ్బు రాబడతామంటూ ప్రభుత్వ అధికారుల పేరుతో ఇంకో ఫోను వస్తుంది. దానికీ ముందస్తు ఫీజు ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. 2024 జులైలో అమెరికా ట్రెజరీకి చెందిన ఫిన్‌సెన్, ఓఫాక్ విభాగాలు, ఎఫ్‌బీఐ కలిసి బ్యాంకులకు ఒక హెచ్చరిక పంపాయి. 2019 నుంచి 2023 దాకా మెక్సికో టైమ్‌షేర్ మోసాల్లో సుమారు 6,000 మంది అమెరికాలోని బాధితులు దాదాపు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్టు ఎఫ్‌బీఐకి చెప్పుకున్నారని అందులో ఉంది. అవి చెప్పుకున్నవాళ్ల లెక్కలు మాత్రమే. ఈ ఫోన్లు చేసే కాల్ సెంటర్ల వెనక హలిస్కో కొత్త తరం కార్టెల్ అనే మాదకద్రవ్యాల ముఠా ఉందని అమెరికా ప్రభుత్వం తేల్చింది. రిసార్టుల్లో లోపలివాళ్లకు లంచాలిచ్చి కొన్నవాళ్ల వివరాలు సంపాదిస్తారని కూడా చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఆ ముఠాను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చారు. 2023లో గ్వాదలహారా పక్కనే ఉన్న సపోపాన్‌లో, ఇలాంటి కాల్ సెంటర్‌లో పనిచేసిన ఎనిమిది మంది యువతీయువకులు కనిపించకుండా పోయి, ఒక లోయలో శవాలై తేలారు. ఆ పని మానేయాలని చూసినందుకే ముఠా వాళ్లను చంపిందని అమెరికా అధికారులు అన్నారు. ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో మన తెలుగింటి నుంచి "పన్ను" పేరుతో వైరు చేసిన డబ్బు చేరేది అలాంటి చేతుల్లోకి.

ఈ రెండో మోసానికి ఊపిరి మన మౌనమే. మొదటి దెబ్బ సంగతి నలుగురికీ చెప్పుకున్న మనిషికి, రెండో ఫోను వచ్చినప్పుడు "ఆగు, మా బావగారికీ ఇలాగే వచ్చింది" అనేవాడు ఒకడు దొరుకుతాడు. దాచుకున్న మనిషికి ఆ తోడు ఉండదు. పోయినదాన్ని గుట్టుగా రాబట్టుకుని, ఇంట్లో తెలియకముందే సరిచేసుకోవాలన్న ఆరాటంలో ఇంకా లోతుకు వెళ్తాడు. మన సమాజంలో పరువు పెద్ద మాట. పెద్ద ఇల్లు కొన్నామని చెప్పుకుంటాం, పిల్లల ర్యాంకులు చెప్పుకుంటాం. డబ్బు పోయిందని చెప్పుకోం. దానికి తోడు హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, పోలీసు ఫిర్యాదు అంటే వీసాకు ఏమవుతుందోనన్న భయం ఒకటి. ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల కేంద్రంలో బాధితుడిగా ఫిర్యాదు చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఈ మాట వాళ్లకు ఎవరో ఒకరు ధైర్యంగా చెప్పాలి.

టైమ్‌షేర్లన్నీ మోసమని నేను అనడం లేదు. ఒప్పందం చదివి, ఫీజులు లెక్కేసుకుని, ఏటా అదే చోటికి వెళ్తూ తృప్తిగా ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. అది సెలవుల ఖర్చని తెలిసి కొన్నవాళ్లు వాళ్లు.

టైమ్‌షేర్ వద్దని తూలూమ్‌లోనో ప్లాయా దెల్ కార్మెన్‌లోనో కాండో కొనాలనుకునేవాళ్లు కూడా మనలో కనిపిస్తున్నారు. వాళ్లకూ ఒక మాట. మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం తీరం నుంచి 50 కిలోమీటర్లు, సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు భూమి విదేశీయుల పేరున నేరుగా ఉండదు. ఇల్లు కొనాలంటే ఫిదేకొమీసో అనే బ్యాంకు ట్రస్టు ద్వారా కొనాలి. దాని గడువు 50 ఏళ్లు, పొడిగించుకోవచ్చు. ఇది చట్టబద్ధమైన దారే. అసలు ప్రమాదం ఎహీదో భూముల దగ్గర ఉంది. అవి మెక్సికో విప్లవం తర్వాత రైతు సముదాయాలకు ఇచ్చిన ఉమ్మడి భూములు. సముదాయం ఆమోదంతో, పూర్తి ప్రక్రియతో సొంత పట్టాగా మారకుండా వాటిని విదేశీయులకు అమ్మడం చెల్లదు. మన దగ్గర అసైన్డ్ భూములు చవగ్గా వస్తున్నాయని కొన్నవాళ్ల గతి గుర్తుంటే ఇది వేరే వివరించక్కర్లేదు. 2000లో ఎన్సెనాదా దగ్గర పుంటా బాండాలో, భూమి హక్కుల కేసు తేలాక, ఏళ్లుగా ఇళ్లు కట్టుకుని ఉన్న అమెరికన్లు వాటిని వదిలి బయటికి రావాల్సి వచ్చింది. తూలూమ్‌లో 2016లో సముద్రపు ఒడ్డున హోటళ్లనే ఖాళీ చేయించారు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెబుతాను.

మొదటిది, మార్చి సెలవులకు, థాంక్స్‌గివింగ్‌కు, క్రిస్మస్‌కు రెండు వారాల ముందు మీ వాట్సాప్ గుంపులన్నిటికీ తెలుగులో ఒక పేజీ పంపండి. విమానాశ్రయం హాలులో ఎవరితోనూ ఆగకుండా నేరుగా బయటికి నడవాలని, టిఫిన్‌కు రమ్మంటే వద్దనాలని, సంతకం పెట్టేసి ఉంటే 5 పనిదినాల్లో ఎలా రద్దు చేయాలో అందులో ఉండాలి. రద్దు లేఖ నమూనా స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ దాని కిందే ఉండాలి. మన పిల్లలు హైస్కూల్లో స్పానిష్ చదువుతున్నారు. ఒక లాయరు సరిచూస్తే ఆ లేఖను వాళ్లే తయారుచేయగలరు. ఫోనులో ఆ పేజీ ఉన్న కుటుంబానికి సంతకం పెట్టిన రోజు సాయంత్రమే దారి తెలుస్తుంది.

రెండోది, మహాసభల్లో విదేశీ విడిది ఇళ్లు, హాలిడే క్లబ్బులు అమ్మేవాళ్లకు స్టాలు ఇచ్చేముందు కాగితాలు అడగండి. భూమి ఎవరి పేరున ఉంది, ఒప్పందంలో రద్దు గడువు ఎంత, ఏటా ఫీజు ఎంత, తిరిగి అమ్మితే ఏమవుతుంది. ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబివ్వని సంస్థ డబ్బు ఎంత ఇస్తామన్నా తీసుకోకండి. మీ వేదిక మీద లోగో కనిపించిందంటే, సంఘం చూసి ఒప్పుకున్న సంస్థే అని మనవాళ్లు అనుకుంటారు. ఆ నమ్మకాన్ని స్టాలు అద్దెకు అమ్మకూడదు.

మూడోది, ఒక సహాయ డెస్కు. పేర్లు బయటికి రాకుండా వినే ఇద్దరు ముగ్గురు చాలు. ఒప్పందం చదవగలిగినవాళ్లు, ఫిర్యాదు రాయించగలిగినవాళ్లు, రెండో ఫోను వచ్చినప్పుడు "డబ్బు పంపకండి" అని గట్టిగా చెప్పగలిగినవాళ్లు ఉంటే చాలు. ఎక్కడో ఒక విద్యార్థి ప్రమాదంలో చనిపోతే గంటల్లో విరాళాలు పోగుచేసి, దేహాన్ని ఊరు చేర్చే సంఘాలు మనవి. ఆ శక్తిలో కొంచెం దీనికి కేటాయించడం మీకు భారం కాదు.

నాలుగోది, మహాసభల్లో పెట్టుబడుల సదస్సుకు ఇచ్చే గంటల్లో ఒక గంట డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు ఇవ్వండి. మాట్లాడటానికి ముందుకొచ్చినవాళ్లను గౌరవించి కూర్చోబెట్టండి. ఒక్కరు మాట్లాడితే, ఆ హాలులో ఇంటి దగ్గర ఫోల్డరు దాచుకున్నవాళ్లు ఇక రెండో ఫోనుకు లొంగరు.

ఆ ఒక్క పేజీ రాయడానికి, అంకెలు సరిచూడటానికి, డెస్కు దగ్గర కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాలాగే లెక్కలు చూసేవాళ్లు, లాయర్లు, స్పానిష్ వచ్చినవాళ్లు మీ ప్రతి శాఖలోనూ ఉన్నారు. అడిగితే వస్తారు. మీ తర్వాతి కార్యవర్గ సమావేశం ఎజెండాలో దీన్ని చేర్చండి. వచ్చే మార్చి సెలవుల టికెట్లు కొన్న కుటుంబాలు బయల్దేరేలోగా ఆ పేజీ వాళ్ల ఫోన్లలో ఉండేలా చూడండి.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు,
డాలస్, టెక్సస్